గరిక తాడు

చెలిమపల్లి, కళ్యాణదుర్గం దగ్గర
సెప్టెంబరు

పద్మా,

నువ్వు పంపిన సినిమావాళ్లు వచ్చారు, మేము పనిచేసే చేను తొక్కారు, వెళ్లిపోయారు. ఫోన్ చేయకుండా మళ్లీ ఈ కాగితాలేమిటని విసుక్కోకు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మా ఆయన జేబులో ఉంటుంది, ఆయనేమో పొద్దస్తమానం ఆదెప్ప ట్రాక్టర్ మీద ఉంటాడు. రాత్రి ఆయన పక్కన కూర్చుని వింటుంటే నేను నీతో ఏం మాట్లాడతాను? బాగున్నావా, తిన్నావా అని పెట్టేయాలి. హాస్టల్లో నీ లెక్కలు నువ్వు చేసి, నీ వ్యాసాలు నాతో రాయించుకున్న రోజుల నుంచీ నాకు కాగితం మీదే నోరు బాగా లేస్తుంది.

షూటింగ్ ఆదెప్ప వేరుశనగ చేనులోనే జరిగింది. మా కూలి గుంపు మొత్తాన్నీ పెట్టుకున్నారు. "మీరు రోజూ చేసేదే చేయండి" అన్నాడు డైరెక్టర్. చేశాం. హైదరాబాద్ నీళ్లు తాగి నువ్వు మరిచిపోయి ఉంటావు గానీ, కలుపు తీసేటప్పుడు కొత్త మగమనిషి గట్టు మీదికొస్తే మేమేం చేస్తాం? పీకిన గరికను తాడులా పేని అతని కాళ్లకు చుడతాం. బొరుగులూ మిరపకాయ బజ్జీలూ తెప్పిస్తానని మాట ఇచ్చేదాకా అతను కదలకూడదు. గట్టిగా ఒక్క అడుగు వేస్తే తెగిపోయే తాడు అది. అయినా మా అవ్వల కాలం నుంచి దాన్ని తెంపిన మగాడు లేడు. ఆదెప్ప అంతటివాడు కూడా తన సొంత గట్టు మీద బొమ్మలా నిలబడతాడు. ఆ కాసేపూ చేను మాది.

డైరెక్టర్ కాళ్లకు నేనే కట్టాను. కడుపుబ్బ నవ్వాం. అతనూ నవ్వాడు, బజ్జీలు తెప్పించాడు. "ఇది భలే ఉంది, హీరోతో మళ్లీ చేద్దాం" అన్నాడు.

హీరో వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నేను వంగి ముడి వేస్తున్నాను. ఉన్నట్టుండి కాలు విదిలించి తాడు తెంపేశాడు. అదే తాడు తీసి నా నడుముకు చుట్టి తన మీదికి లాగాడు. నా తల మీది తువ్వాలు జారి కింద పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. "వొద్దు, చెయ్యి తీయప్పా" అని అతని మణికట్టు పట్టి విదిలించాను. మా గుంపు పెద్ద తిప్పమ్మవ్వ లేచి, "తాడు తెంపినావు గదప్పా. మా చేన్లో ఇంతవరకూ ఎవురూ తెంపలేదే" అంది. డైరెక్టర్ కట్ అన్నాడు. సినిమావాళ్లందరూ చప్పట్లు కొట్టారు. దేనికో నాకు అర్థం కాలేదు.

నువ్వు అక్కడ ఎడిటింగ్ గదిలోనే కదా ఉండేది. ఆ ముక్క తీసేయించు. మిగతాది ఉంచుకోండి. బజ్జీలు మాత్రం బాగున్నాయి.

నీ
మల్లీశ్వరి


కృష్ణానగర్, హైదరాబాద్
డిసెంబరు

మల్లీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయనందుకు తిట్టు, పడతాను. ఇక్కడ పగలు నిద్ర, రాత్రి పని. మా రామదాసు గారు పెద్ద ఎడిటర్, ఆయన దగ్గర నేను మూడో అసిస్టెంటును. అంటే టీ కూడా నేనే చెప్పాలి.

నిన్ను తెర మీద చూశాను. ఎంత బాగున్నావో తెలుసా. మేకప్ లేకుండా ఎండలో అలా మెరిసే ముఖం ఇక్కడ ఎవరికీ లేదు. నీ నవ్వు చూసి గదిలో అందరూ ముచ్చటపడ్డారు.

నువ్వు చెప్పిన ముక్క సంగతి అడిగాను. హీరోకు అది బాగా నచ్చిందట. అప్పటికప్పుడు తనకు తట్టి చేశాడు కదా, పాట మొత్తం దాని చుట్టూ కట్టారు. అంత పెద్దవాళ్ల మధ్య నా మాట ఎక్కడ సాగుతుంది? సినిమా అంటే కాస్త అలాగే ఉంటుంది, మనసులో పెట్టుకోకు. హాస్టల్ వార్షికోత్సవంలో సినిమా పాటకు స్టేజి అదరగొట్టింది నువ్వే కదా.

నందిని డిగ్రీలో చేరిందని విన్నాను. మీ అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని తెచ్చుకుని చదివిస్తున్నావు, నీకు దండం పెట్టాలి. దానికి నా ముద్దులు.

పద్మప్రియ


చెలిమపల్లి
జూన్

పద్మా,

సినిమా చూశాం. మా గుంపు మొత్తం పెట్టెలోని చీరలు తీసి కట్టుకుని, రెండు ఆటోల్లో కిక్కిరిసి కళ్యాణదుర్గం వెళ్లాం. తిప్పమ్మవ్వ తలలో కనకాంబరాలు కూడా పెట్టుకుంది.

మొదట మా వెనకభాగాలు కనిపించాయి. ముఖాలు కాదు. వరసగా వంగి ఉన్న ఆడవాళ్ల వెనక నుంచి కెమెరా నేల మీద పాకుతూ వచ్చింది. తర్వాత నడుములు, చెమట, చెక్కుకున్న చీర కింద పిక్కలు. ఎండకు వంగి కలుపు తీస్తే నడుము ఎలా పీకుతుందో నీకు తెలుసు, మీ అమ్మ కూడా తీసింది. ఆ వంగడాన్ని చూసి హాల్లో ఈలలు వేశారు. నా పక్కన కూర్చున్న తిప్పమ్మవ్వ కొంగు తలమీదికి లాక్కుంది. "మనం చేసిండే పని యాడ పోయినాది మల్లీ? ఒక్క గడ్డిపరకన్నా పీకినట్టు చూపిచ్చినారా?" అని అడిగింది.

తర్వాత వాడు తాడు తెంపాడు, నా నడుముకు చుట్టాడు, లాగాడు. నేను వాడి మీద పడి పకపకా నవ్వాను. థియేటర్ దద్దరిల్లింది.

నేను నవ్వలేదు పద్మా.

నేను వద్దన్నాను. చెయ్యి తీయమన్నాను. నా గొంతు అక్కడ లేదు. గుంపులో అందరూ చూశారు నేను వద్దన్నది. అయినా ఆ చీకట్లో ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నవ్వానేమోనని. దానికే నాకు ఎక్కువ కోపం.

ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచించాను. ఆ నవ్వు నాదే. కానీ అది డైరెక్టర్ కాళ్లకు తాడు కట్టి బజ్జీలు అడిగినప్పుడు నవ్వింది. అప్పుడు నా తలకు తువ్వాలు ఉంది. హీరో లాగినప్పుడు తువ్వాలు కింద పడిపోయింది. తెర మీద లాగుతున్నప్పుడు నా తల బోసిగా ఉంది, నవ్వుతున్నప్పుడు తువ్వాలు ఉంది. అంత పెద్ద తెర మీద అది ఎవరికీ కనపడలేదు. ఎందుకంటే ఎవరూ నా తల వైపు చూడలేదు.

మా ఆయన నారాయణ మొదటి ఆటకే వెళ్లి చూశాడు. మొదటి రోజు మా ఆవిడ సినిమాలో ఉందని ఊరంతా చెప్పుకున్నాడు. ట్రాక్టర్ల దగ్గర ఎవరో ఏదో అన్నారట, అప్పటి నుంచి నాతో మాట లేదు. నేను వద్దన్నానయ్యా అంటే, "నవ్వినావు గదా, అందరూ చూసినారు" అంటాడు. నా మాట కంటే తెర మాట ఆయనకు ఎక్కువైంది.

ఆ నవ్వు తెచ్చి అక్కడ అతికించింది ఎవరు?

మల్లీశ్వరి


కృష్ణానగర్, హైదరాబాద్
జులై

మల్లీ,

ఎడిటింగ్ అంటే అతికించడమే. రామదాసు గారు అతికించారు. డైరెక్టర్ సరే అన్నాడు. ఇలాంటివి ప్రతి సినిమాలో ఉంటాయి. రెండు మూడు సెకన్ల సంగతి, ఇంకో సినిమా రాగానే జనం మరిచిపోతారు. నారాయణ అన్న కోపం కూడా తగ్గిపోతుంది.

ఇంతకంటే నేనేం చేయగలను, చెప్పు. అద్దె కట్టుకోవాలి, ఇక్కడ నా వెనక ఎవరూ లేరు.

ఆరోగ్యం జాగ్రత్త.

పద్మ


చెలిమపల్లి
జులై

పద్మా,

నీ రెండు మూడు సెకన్లు మా ఇంటికి వచ్చాయి. చెప్తా విను.

మొన్న సాయంత్రం నందిని కాలేజీ నుంచి వచ్చి మా ఊరి దగ్గర ఆటో దిగింది. ఆదెప్ప కొడుకు ప్రవీణ్, వాడి స్నేహితులు అక్కడ కూర్చుని ఉన్నారు. వాడి చేతిలో గరిక తాడు ఉంది. ముందే పేని పెట్టుకున్నాడన్నమాట. ఒకడు ఫోన్లో ఆ పాట పెట్టాడు, ఇంకొకడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. ప్రవీణ్ వచ్చి నందిని నడుముకు తాడు చుట్టి లాగాడు. అది "వొద్దు, వొదులు" అని అరిచింది. పుస్తకాలు కింద పడ్డాయి. వాళ్లు ఏమన్నారో తెలుసా? "నవ్వే, మీ అక్క మాదిరి నవ్వు" అన్నారట. ఆటోలో ఉన్న పెద్దమనుషులు కూడా నవ్వుతూ చూశారట. వాళ్లకు అది సినిమా.

నందిని ఇంటికొచ్చి ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, "అక్కా, నువ్వు నిజంగా నవ్వినావా?" అని అడిగింది. ఆ మాటకు నేను చచ్చిపోయాను.

నేనూ తిప్పమ్మవ్వా ఆదెప్ప ఇంటికి వెళ్లి అడిగాం. అరుగు మీద పదిమంది మగవాళ్లు ఉన్నారు. ఆదెప్ప పెద్ద గొంతుతో, "అక్కకు కడితే నవ్వె. చెల్లెలికి కడితే ఏడుస్తాండాది. ఇదేం న్యాయమమ్మా?" అన్నాడు. అందరూ తలలూపారు. ఆయన ట్రాక్టర్ తోలే నా మొగుడు వాళ్ల వెనకే నిలబడి నేల చూశాడు. ఇంటికొచ్చాక మాత్రం నోరు లేచింది. "ఇంక కాలేజీ వొద్దు, ఏమొద్దు. యాడన్నా సంబంధం చూస్తా" అన్నాడు. తాడు చుట్టినవాడు రోజూ బండి మీద తిరుగుతున్నాడు. చుట్టించుకున్నది ఇంట్లో కూర్చుంది. దాని పుస్తకాలకు ఇంకా మట్టి ఉంది.

ఇప్పుడు రెండు సంగతులు. ఒకటి, ఆ రోజు తీసింది మొత్తం నాకు కావాలి. నేను వద్దన్న గొంతుతో సహా. ఎలా పంపుతావో నాకు తెలియదు, పంపు.

రెండోది, రామదాసు గారి పేరు నాకు చెప్పకు. ఆయనకు నేనెవరు? అన్ని గంటల బొమ్మల్లో నా నవ్వు ఎక్కడుందో వెతికి పట్టుకోవాలంటే నన్ను ఎరిగినవాళ్లే కావాలి.

మల్లీశ్వరి


కృష్ణానగర్, హైదరాబాద్
ఆగస్టు

మల్లీ,

నేనే.

హీరో లాగిన చోట నీ ముఖం నిప్పులా ఉంది. రామదాసు గారు చూసి, "ఈ ముఖం పనికిరాదు, హీరో చెడ్డవాడిలా కనిపిస్తున్నాడు. ఎక్కడైనా ఒక నవ్వు ఉందేమో వెతుకు" అన్నారు. నాకు వెంటనే గుర్తొచ్చింది. హాస్టల్లో దుప్పటి కప్పుకుని నువ్వు నవ్విన నవ్వే అది. తీసి ఇచ్చాను. తువ్వాలు సంగతి కూడా చూశాను. చెప్పాను కూడా. "అక్కడెవడు చూస్తాడమ్మా" అన్నారు. నిజమే, ఎవరూ చూడలేదు. ఆ రోజు ఆయన నన్ను మెచ్చుకున్నారు. నేను సంతోషపడ్డాను.

నీ ఉత్తరం చదివాక పాత పని అంతా తీసి చూశాను. నేను చేరినప్పటి నుంచి ఇక్కడ ఏ సినిమాలోనూ ఆడపిల్ల వద్దంటే అది వద్దుగా మిగలలేదు. విసుక్కుంటే ఆ విసుగు తీసేస్తాం. చెంపదెబ్బ కొడితే దాని కింద వేణువు వేస్తాం. వెంటపడి విసిగించేవాడి ముఖం మీద వెలుగు, ఆమె నడుము మీద కెమెరా. అతనికి మనసు, ఆమెకు ఒళ్లు. ఇదంతా కూర్చుని అతికించే చేతుల్లో నా చేతులు కూడా ఉన్నాయి. వాటిని చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

ఇంకోటి రాస్తాను. మా గదిలో ఒకతను నా కుర్చీ వెనక నిలబడి, నా భుజాల మీద చేతులు వేసి తెర చూస్తాడు. నాకు ఒళ్లు జలదరిస్తుంది. అయినా నేను నవ్వుతాను. నాకెవరూ నవ్వు వెతికి అతికించాల్సిన పని కూడా లేదు మల్లీ. నేనే నవ్వుతున్నాను.

కవరులో ఉన్న చిన్న కార్డులో ఆ రోజు తీసింది మొత్తం ఉంది. నీ గొంతు కూడా ఉంది. ఫోన్లో పెట్టి చూడొచ్చు. ఇది బయటికి పొక్కితే నా పని పోతుంది. తెలిసే పంపుతున్నాను.

పద్మ


చెలిమపల్లి
ఆగస్టు

పద్మా,

నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. అడగొద్దు. పని పోతే ఇక్కడికి రా, కలుపు చాలా ఉంది. ఆ కుర్చీ వెనక ఉండేవాడికి మాత్రం రేపే వద్దని చెప్పు.

కార్డు మా ఆయన ఫోన్లో పెట్టించాను. మొదట ఆయనకే చూపించాను. నేను "వొద్దు, చెయ్యి తీయప్పా" అనడం ఆయన విన్నాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, "పోయి అందరికీ చూపీపో" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ ఫోన్ నా చేతికి రావడం అదే మొదలు.

ఆదెప్ప అరుగు మీద చూపించాను. నందినిని కూడా తీసుకెళ్లాను. మగవాళ్లందరూ తలలు దగ్గర పెట్టి చూశారు. ఇప్పుడైనా సిగ్గుపడతారని ఎదురుచూశాను. ఎంత పిచ్చిదాన్నో చూడు. ఒకడు, "ఇంగోసారి పెట్టమ్మా, ఆ లాగేకాడ" అన్నాడు. ప్రవీణ్, "సినిమాలో ఉండేదే బాగుండాది" అన్నాడు. ఆదెప్ప మీసం సవరించుకుని, "సరేలేమ్మా, నువ్వు వొద్దన్నావు. అయితే ఏమాయ?" అన్నాడు.

అయితే ఏమాయ. నేను వద్దన్నానని రుజువు తెస్తే నందినికి న్యాయం జరుగుతుందనుకున్నాను. నేను ఆ రోజు నిజంగానే నవ్వి ఉంటే మాత్రం నా చెల్లెలి నడుముకు తాడు చుట్టొచ్చా? అది తన నోటితో వద్దంది. అదొక్కటి చాలదా? ఈ మాట నాకు ముందే తట్టాల్సింది. నీ ఉద్యోగం మీదికి తెచ్చి మరీ నేర్చుకున్నాను.

ఈసారి వానలు పడ్డాయి. వానకు వేరుశనగ కంటే గరికే ముందు లేచింది. ఆదెప్ప చేనులో పైరే కనపడటం లేదు. ఇప్పుడు కలుపు తీయకపోతే ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ సంగతి ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆదెప్ప పిలిచినా ఎవరూ కలుపుకు రావద్దని చుట్టుపక్కల ఊళ్ల గుంపులన్నింటికీ తిప్పమ్మవ్వ ముందే కబురు పంపింది.

మేము రోజూ వెళ్లినట్టే పొద్దున్నే వెళ్లాం. చేనులో దిగకుండా గట్టు మీద కూర్చున్నాం. ఆదెప్ప బండి దిగి వచ్చాడు. తిప్పమ్మవ్వ పద్ధతి ప్రకారం లేచి, గరిక పేని, ఆయన కాళ్లకు చుట్టింది. నేను ముడి వేశాను.

ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "అంతేనా? బొరుగులు తెప్పీల్నా, బజ్జీలు తెప్పీల్నా?" అన్నాడు.

"నీ కొడుకును తెప్పీ" అంది తిప్పమ్మవ్వ.

"యాడికి?"

"ఆటోలు నిలబడేకాడికి. యాడ తాడు చుట్టినాడో ఆడికి. ఆ పిల్ల వొద్దనింది, నేను వినలేదు, తప్పు చేసినా అని చెప్పల్ల. ఏ ఫోన్లో తీసినారో ఆ ఫోన్లోనే తీయల్ల."

ఆదెప్ప ముఖం నల్లబడింది. బూతులు తిట్టాడు. నారాయణను పనిలోంచి తీసేస్తానన్నాడు. కాలు ఎత్తాడు. ఒక్క అడుగు వేస్తే ఆ తాడు తెగిపోతుంది. మేము ఎవరం ఆపలేదు, కూర్చునే ఉన్నాం. నేను చెప్పాను. "తెంపన్నా. పోయినేడు ఒకాయన తెంపినాడు. నువ్వూ తెంపు. తెంపి నువ్వే దిగి కలుపు తీసుకో."

ఆయన చేను వైపు చూశాడు, మా వైపు చూశాడు. ఎత్తిన కాలు మెల్లగా దించాడు. ఎండ బాగా ఎక్కేదాకా అలాగే నిలబడ్డాడు. మేము తెచ్చుకున్న సంగటి ముద్దలు తిన్నాం. చివరికి జేబులోంచి ఫోన్ తీసి కొడుకును పిలిచాడు.

ఆటోల దగ్గర ఊరంతా చేరింది. ప్రవీణ్ తల దించుకుని ఏదో గొణిగాడు. వాడి స్నేహితులు కిసుక్కుమన్నారు. నందిని వాడి ఎదురుగా నిలబడి, "వినపళ్లేదు. గట్టిగా చెప్పు" అంది. మళ్లీ చెప్పాడు. "ఎవురు వొద్దన్నారు? పేరు చెప్పు" అంది. పేరు పెట్టి చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫోన్ పట్టుకున్నవాడు చివరిదాకా తీశాడు.

చేను దగ్గరికి తిరిగొచ్చి, గట్టు మీద ఇంకా అలాగే నిలబడి ఉన్న ఆదెప్ప కాళ్ల ముడి నేను విప్పాను. మేము చేనులోకి దిగాం. ఇంత రాసినా, ఆ ప్రవీణ్ మారాడని అనుకుంటున్నానని మాత్రం నువ్వు అనుకోకు. పంట పోతుందని తండ్రీ కొడుకులు భయపడ్డారు, అంతే.

మా ఆయనకు ట్రాక్టర్ పని ఇంకా ఉంది, ఎన్నాళ్లుంటుందో తెలియదు. మరునాడు పొద్దున తనే నందిని పుస్తకాల మట్టి తుడిచి ఇచ్చి, ఆటో దాకా వచ్చాడు. నేనూ వెంట వెళ్లాను. నందిని ముఖం గంభీరంగా ఉంది. ఆయనకు ఏం మాట్లాడాలో తోచలేదు పాపం. "అంతా అయిపోయె గదమ్మా. ఇంగన్నా కొంచెం నవ్వు" అన్నాడు.

అది ఆటోలో కూర్చుని, పుస్తకాలు ఒళ్లో సర్దుకుని ఆయన వైపు చూసింది.

"ఎందుకు నవ్వల్ల బావా?" అంది.

ఆటో కదిలింది.

మల్లీశ్వరి